దిగంబర్ మారిండు

ఇందుబాయి వడిసెల తిప్పితే గోదావరి అవతలి ఒడ్డున ఉన్నవాళ్లు కూడా తల వంచుకునేవారని నల్లరేవులో చెప్పుకుంటారు. ఇందులో సగం అబద్ధం. గోదావరి అక్కడ మైలు వెడల్పు ఉంటుంది, ఎవరు విసిరినా ఏ రాయీ అంత దూరం పోదు. మిగతా సగం మాత్రం నిజం. మంచె మీద నిలబడి డెబ్బై అడుగుల దూరంలో జొన్న కంకి మీద వాలిన చిలకను వదిలేసి దాని కాళ్ల కింది ఆకును చీల్చేది. చిలకనే కొట్టొచ్చు కదా అంటే నవ్వేది. "సంపితె ఏమొస్తది? అది పోయి నలుగురికి జెప్పాలె గదా, గీ చేన్ల ఇందుబాయి ఉన్నదని" అనేది.

నల్లరేవు ధర్మాబాద్‌కు పది కిలోమీటర్లు. సర్కారు కాగితాల్లో దాని పేరు కాళేఘాట్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారుకు పోతే రెండూ కలిపి పైన కాస్త దక్కనీ చల్లుతారు. ఒక వాక్యం తెలుగులో మొదలై మరాఠీలో ముగిసినా అక్కడ ఎవరూ తలెత్తి చూడరు. ఇందుబాయి మరాఠీ బాగానే మాట్లాడేది. ఒక్కటే చిక్కు, కోపం వచ్చిందంటే ఆమె నోట మరాఠీ ఒక్క ముక్క నిలిచేది కాదు. తిట్టడానికి అమ్మ నేర్పిన భాషే కావాలి కదా మనిషికి.

ఊళ్లో సముద్రం చూసినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లకు గోదావరే సముద్రం, ఆ ఒడ్డే తీరం. వానాకాలం పోయాక నీళ్లు వెనక్కి జరిగి నల్లని ఒండ్రు వదులుతాయి. ఆ ఒండ్రులో శనగ వేస్తే ఎరువు అక్కర్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, దీపావళికి కాస్త ముందూ వెనకా, ఎక్కడో మంచుకొండల అవతలి నుంచి కర్కోచలు దిగుతాయి. బూడిదరంగు ఒళ్లు, నల్లని మెడ, కంటి వెనక తెల్లని కుచ్చు ఉన్న పెద్ద కొంగలవి. నాందేడ్ నుంచి కెమెరాలు వేసుకుని వచ్చేవాళ్లకు అవి కనుల పండుగ. రైతుకు మాత్రం అవి దొంగలు. ముందు రోజు విత్తిన సాలును తెల్లారేసరికి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ముక్కుతో తోడి తినేస్తాయి. పండుగ చూసేవాడి కడుపు వేరు, విత్తేవాడి కడుపు వేరు. ఈ సంగతి ఎవరైనా ముందే ఆలోచించి ఉంటే ఈ కథ రాసే పని నాకు ఉండేది కాదు.

ఇందుబాయి పుట్టింది హిమాయత్‌నగర్ దగ్గరి పల్లెలో. పదహారేళ్లకు ఇక్కడికి కోడలిగా వచ్చింది. ముప్పై దాటక ముందే భర్త మోటారు దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. పిల్లలు లేరు. నాలుగెకరాలు ఉంది. ఆ నాలుగెకరాల మీద మరిది దిగంబర్ కన్ను పడింది.

అప్పటి దిగంబర్ గురించి మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. వాడు దుర్మార్గుడు. అన్న దినాలు కాకముందే గట్టు జరిపాడు. ఇదేమిటని అడిగినందుకు వదినను ఎద్దులను తోలే ములుకర్రతో కొట్టాడు. ఎడమ మణికట్టు విరిగింది. అది వంకరగానే అతుక్కుంది. ఎముక అతుక్కునే దాకా ఇందుబాయి ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఒక పొద్దున దిగంబర్ ఎద్దులను ఆమె చేలోకి తోలాడు. మంచె మీది నుంచి ఒకే ఒక్క రాయి వచ్చింది. ముందరి పళ్లు రెండు మట్టిలో పడ్డాయి. నోటినిండా నెత్తురుతో వాడు పళ్లు వెతుక్కుంటుంటే ఆమె మంచె దిగకుండానే అరిచింది.

"ఎద్దుల్ని కొట్టబుద్ధి గాలేదు. అందుకే నిన్ను గొట్టిన!"

పాతికేళ్లు ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురుపడితే దిగంబర్ నోరు మూసుకుని పక్కకు పోయేవాడు. పళ్లు లేవు కదా, నోరు తెరిస్తే కథంతా గుర్తొచ్చేది ఊరికి.

మూడేళ్ల కిందట వాడు జొన్నలను విషంలో నానబెట్టి ఇసుక దిబ్బ మీద చల్లాడు. ఎనభై కర్కోచలు పడ్డాయి. చావడానికి గంటలు పట్టింది వాటికి. మెడలు వెనక్కి విరుచుకుని రెక్కలతో ఇసుకను కొట్టుకుంటూ చచ్చాయి. దిగంబర్ వాటిని గోనెసంచుల్లో కుక్కి హోటళ్లకు అమ్మాడు. ఆ సాయంత్రం వాడు కడగకుండా వదిలేసిన గంపలో వాడి ఎద్దు మూతి పెట్టింది. కొమ్ముతో కొట్టం గోడ కూలగొట్టి, కాళ్లు తన్నుకుని, అది కూడా అట్లాగే చచ్చింది. దిగంబర్ దాని మెడ పట్టుకుని కూర్చున్నాడు. ఫారెస్టువాళ్లు వచ్చి లేపితే లేచాడు, నాలుగు నెలలు నాందేడ్ జైల్లో ఉన్నాడు. బయటికి వచ్చాక ఇంటికి రాకుండా నడిచి పండరిపురం పోయి, మెడలో తులసి మాల వేసుకుని వచ్చాడు. ఆ మాల వేసుకున్నవాడు మాంసం ముట్టడు, సారా ముట్టడు, జీవహింస చేయడు.

ఊరు నమ్మలేదు. కుక్క తోకకు మాల వేస్తే వంకర పోతుందా అన్నారు. అందరికంటే ఎక్కువగా నవ్వింది ఇందుబాయే.

కానీ నిరుడు ఒక మధ్యాహ్నం ఆమె మంచె మీది నుంచి చూసింది. ఒక కర్కోచ కాలికి చేపల వల దారం చుట్టుకుని నీళ్లలో కొట్టుకుంటోంది. దిగంబర్ బట్టలతోనే ఛాతీ లోతు నీళ్లలోకి దిగాడు. దాన్ని చంకలో ఇరికించుకుని పళ్లతో దారం కొరకబోయాడు. కొరకడానికి ముందరి పళ్లు లేవు. మెడ వంచి పక్క పళ్లతో కొరుకుతుంటే ఆ పక్షి వాడి చెంపను ముక్కుతో రెండుసార్లు పొడిచింది. చెంప చీలి నెత్తురు కారింది. వాడు దాన్ని వదల్లేదు, తిట్టలేదు. దారం తెగాక పైకి ఎగరేసి, చెంప కడుక్కుని వెళ్లిపోయాడు. ఎవరూ చూడటం లేదనే అనుకున్నాడు.

ఇందుబాయి ఆ పూట అన్నం తినలేకపోయింది. ద్వేషించడానికి అలవాటుపడిన మనిషిని నమ్మాల్సి రావడం తేలికైన పని కాదు. మర్నాటి నుంచి ఊళ్లో ఎవరు దిగంబర్ పేరెత్తినా ఆమె ఒకటే మాట అనేది. "ఊకోండ్రి. దిగంబర్ మారిండు."

ఇక సప్తాహం సంగతి. నవంబర్ మొదటి వారంలో రాష్ట్రమంతా పక్షి సప్తాహం జరుపుతారు. నల్లరేవుకు ఆ కబురు మొదటిసారి వచ్చినప్పుడు ఊరు దాన్ని వేరే విధంగా అర్థం చేసుకుంది. ఆ వైపు సప్తాహమంటే ఏడు రోజులు రాత్రింబవళ్లు హరినామ భజన. పక్షుల పేరిట పుణ్యమే కదా అని తాళాలూ మృదంగాలూ పట్టుకుని, మైకు సెట్టు పెట్టి, ఒడ్డున షామియానా వేసి కూర్చున్నారు. ఏడో రోజు లెక్కపెట్టడానికి నాందేడ్ నుంచి వచ్చినవాళ్లకు కనబడినవి కాకులూ, భోజనాల దగ్గర చేరిన కోళ్లూ. ఊరు ఊరంతా సిగ్గుపడి, మరుసటి ఏడు బుద్ధి తెచ్చుకుంది. సప్తాహ కమిటీకి బాబురావ్ పటేల్ పెద్ద అయ్యాడు. పక్షుల లెక్క బాగా వచ్చిన ఊరికి బహుమతి ఉందనీ, బహుమతి వచ్చిన ఊరికి రోడ్డు వస్తుందనీ ఆయనకు ఎవరో చెప్పారు. రోడ్డు మాట చెవిన పడ్డాక ఆయనకు పక్షుల మీద ప్రేమ పొంగింది.

ఈ ఏడు బాబురావ్ దండోరా వేయించాడు. ఏడు రోజులూ ఒడ్డున కేక వేయకూడదు, టపాకాయ కాల్చకూడదు, వడిసెల ముట్టకూడదు. ఇందుబాయి ఆయన ఇంటికి పోయి వాకిట్లో నిలబడింది.

"పటేలా, నేను శనగ ఏసి మూడు దినాలే అయింది. ఇత్తునం ఇంక మొలక రాలె. వడిసెల ఎయ్యకుంటె ఒక్క గింజ మిగల్నియ్యయి."

"ఏడు దినాలే గదా ఇందుబాయి. జరంత ఓపిక పట్టు. నీ గింజలు ముఖ్యమా, ఊరు ముఖ్యమా?"

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉంది. కానీ చుట్టూ పదిమంది ఉన్నారు. వడిసెలను ఎప్పటిలాగే నడుముకు చుట్టుకుని, తిప్పకుండా ఇంటికి వచ్చేసింది. విత్తనానికి ధర్మాబాద్ దుకాణంవాడు మందు పట్టించి ఇచ్చాడు. చీమ ముట్టదు, పురుగు ముట్టదు అన్నాడు. పక్షి ముడితే ఏమవుతుందని ఆమె అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఆమె చేలో పక్షి గింజ ముట్టే దాకా ఎప్పుడూ రాలేదు కాబట్టి, ఆ ప్రశ్న ఆమెకు పుట్టనే లేదు.

ఆరు రోజులు బాగానే గడిచాయి. కర్కోచలు ఎన్నడూ లేనంత దగ్గరికి వచ్చాయి. బడి పిల్లలు బొమ్మలు గీశారు, ఆడవాళ్లు ఒడ్డున సజ్జ రొట్టెలు కాల్చి అందరికీ పెట్టారు. నాందేడ్ నుంచి వచ్చిన నిలేశ్ అనే కుర్రాడు ఆ వారం ఊళ్లోనే ఉండి ఇంటింటికీ తిరిగి పక్షుల పేర్లు చెప్పించాడు. మంచివాడే. తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు.

ఏడో రోజు తెల్లారేసరికి ఇసుక దిబ్బ మీద కర్కోచలు చచ్చి పడి ఉన్నాయి.

ముప్పై ఏడు. కొన్ని ఇంకా చావలేదు. మెడలు వెనక్కి విరుచుకుని రెక్కలతో ఇసుకను కొడుతున్నాయి. చూసినవాళ్లందరికీ మూడేళ్ల కిందటి పొద్దు కళ్ల ముందుకు వచ్చింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బాబురావ్ తలపాగా తీసి నేలకేసి కొట్టాడు. ఆయన రోడ్డు కూడా ఆ దిబ్బ మీదే చచ్చి పడి ఉంది మరి. షామియానా దగ్గర చేరిన కుర్రవాళ్లు ఒక్కొక్కరే గుంజలు పీకడం మొదలుపెట్టారు. ఎవరి మీదికి పోవాలో తెలియదు, చేతిలో కర్ర మాత్రం తయారు.

నిలేశ్ ఏడుస్తూ ఊళ్లోకి పరిగెత్తాడు. వాగు మలుపు దగ్గర ఎదురొచ్చిన ఇందుబాయిని రెండు చేతులూ పట్టి ఆపాడు. "కాకూ, కోణీ మారలం హే? కోణీ మారలం?" ఎవరు చంపారు, ఎవరు చంపారని అడుగుతున్నాడు. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. వాడి వెనకాల వచ్చిన ఒక కుర్రాడు జరిగింది చెప్పి, చివర్న దిగంబర్ పేరు అన్నాడు.

ఇందుబాయికి ఒళ్లు మండిపోయింది. ఊళ్లో ఏది జరిగినా ఆ ఒక్కడి పేరేనా?

"దిగంబర్ మారిండు! ఎన్నిసార్లు జెప్పాలె మీకు? దిగంబర్ మారిండు!"

నిలేశ్ చెవిలో ఆ మాట ఎలా పడిందో ఆలోచించండి. మరాఠీలో మారణే అంటే కొట్టడం, చంపడం. కోణీ మారలం అని తను అడిగాడు, దిగంబర్ మారిండు అని ఆమె చెప్పింది. అడిగినదానికి అచ్చంగా సరిపోయిన జవాబు. పక్కనున్న కుర్రాడు ఊరివాడే, తెలుగు తెలిసినవాడే, కానీ అప్పటికే పరుగందుకున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. ఇక్కడ నోరు జారలేదు, చెవి జారింది. దానికి సామెత ఎవరూ చెప్పి పెట్టలేదు.

నిలేశ్ షామియానా దగ్గరికి పోయి మరాఠీలో చెప్పాడు. "దిగంబర్‌నం మారలం! త్యాచ్యా వహినీనంచ్ సాంగితలం!" సొంత వదినే చెప్పిందట. ఇక సాక్ష్యం ఏం కావాలి? ఆ మాట గుంపులో అటు తిరిగి ఇటు తిరిగి మళ్లీ తెలుగులోకి వచ్చేసరికి "దిగంబరే సంపిండట" అయింది.

ఇందుబాయి దిబ్బ మీదికి పోయింది. ఒక పక్షి ఆమె కాళ్ల దగ్గరే ప్రాణం విడిచింది. దాని పక్కన కూర్చుని తెల్లని కుచ్చును వేలితో సరిచేస్తుంటే ఒక ఆడమనిషి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఇందక్కా, ఈడ గూసున్నవా! నువ్వే జెప్పినవట గదా, దిగంబర్ సంపిండని. ఆడ నీ చేన్ల దొరికిండు. కొడుతున్నరు!"

"నేనెప్పుడు జెప్పిన?" అంది ఇందుబాయి. ఆ తర్వాత తన మాట తనకే మరాఠీలో వినబడింది. అయ్యో అంటూ లేచి పరిగెత్తింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, చెప్పులు ఒకటి ఇసుకలో, ఒకటి ముళ్లలో వదిలేసి పరిగెత్తింది.

చేను గట్టు ఎక్కేసరికి అంతా కనబడింది. పాతిక ముప్పై మంది ఉన్నారు. దిగంబర్ మోకాళ్ల మీద ఉన్నాడు. తులసి మాల తెగి పూసలు చెదిరిపోయాయి. చొక్కా చిరిగింది, ఒక చెవి దగ్గర తోలు వేలాడుతోంది. వెదురు గుంజ వీపు మీద పడినప్పుడల్లా వాడి నోట గాలి మాత్రం వస్తోంది. మాట రావడం లేదు. దిగంబర్ భార్య రూపాలి మధ్యలో దూరబోతే ఎవడో జుట్టు పట్టి పక్కకు లాగేశాడు. నిలేశ్ ఏడుస్తూ "మారూ నకా! పోలిసాంనా బోలవా!" అని అరుస్తున్నాడు. కొట్టొద్దు, పోలీసులను పిలవండి అని. వాడి మాట ఇప్పుడు ఎవరికి కావాలి? కావలసిన మాట ఇందాకే తీసుకున్నారు.

ఇందుబాయి నడుము నుంచి వడిసెల విప్పింది. రాయి పెట్టింది. తిప్పింది. ఎనభై అడుగులు కూడా లేదు.

అప్పుడు బాబురావ్ దిగంబర్ చేతులు రెండూ పట్టి పైకెత్తి జనానికి చూపించాడు. "చూడుండ్రి! ఎర్ర మందు! చేతులకింక తడి ఆరలేదు!"

మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. అది నెత్తురు కాదు, మందు రంగు.

వడిసెల ఆమె తల మీద తిరుగుతూనే ఉంది. రాయి వదల్లేదు. ఒక చుట్టు. రెండో చుట్టు. నిజమేనా? వీడు మారలేదా? మాల వేసుకుని, నా కళ్ల ముందర నాటకమాడి, నా చేత ఊరందరికీ మంచివాడని చెప్పించి, నా చేలోకే వచ్చి విషం చల్లాడా? విరిగిన మణికట్టు గుర్తొచ్చింది. జరిపిన గట్టు గుర్తొచ్చింది. మూడో చుట్టు. ఆ క్షణాన వాడు చస్తే చావనీ అనిపించింది ఆమెకు. ఇది నేను కప్పిపుచ్చను, ఆమె కూడా ఎన్నడూ కప్పిపుచ్చలేదు.

ఆ మూడో చుట్టులోనే ఎవడో గడ్డపార మొద్దు కొసతో దిగంబర్ తల వెనక కొట్టాడు. పచ్చి కట్టె చీలినట్టు చప్పుడైంది. వాడు ముందుకు పడిపోయాడు.

పడిన చోట ఆమె చూపు నేల మీదికి పోయింది. సాళ్లు కప్పి ఉన్నాయి. పడమటి గట్టు నుంచి ఇక్కడి దాకా, పక్షులు తోడిన ప్రతి గుంట మీదా మట్టి అదిమిన చేతి గుర్తులు ఉన్నాయి. పక్కన వాడి తువాల పరిచి ఉంది. దాని మీద ఏరి పోసిన శనగలు కుప్పగా ఉన్నాయి. ఎర్రని శనగలు. తను విత్తినవే. విత్తిన రోజు నుంచి మూడు రోజులు తన చేతులకు కూడా అదే రంగు ఉంది.

అప్పుడు రాయి వదిలింది. గడ్డపార పట్టుకున్నవాడి భుజం కీలు విరిగింది. రెండో రాయి బాబురావ్ మోకాలి చిప్పకు తగిలి ఆయన కేక పెట్టి కూలబడ్డాడు. మూడోది ఎవరికి తగిలిందో ఆమె చూడలేదు. గుంపు చీలి పరుగులు తీసింది. ముప్పై ఏళ్లు పక్షిని కూడా కొట్టని చేయి ఆ పొద్దున నలుగురి ఎముకలు విరగ్గొట్టింది. రాళ్లు అయిపోయాక మట్టిబెడ్డలు పెట్టి కొట్టింది.

"మారిండంటె సుధారలా రా! సుధారలా! మంచోడయిండని జెప్పిన! సంపిండని గాదు!"

దూరంగా నిలబడ్డ నిలేశ్‌కు అప్పుడు అర్థమైంది. వాడు అక్కడే కూలబడి నోట్లో పిడికిలి కుక్కుకున్నాడు.

ఫారెస్టు గార్డు శివరాజ్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. కిన్వట్ మనిషి, తెలుగూ మరాఠీ రెండూ తెలిసినవాడు. ఒక చచ్చిన పక్షిని కూడా తెచ్చాడు. టెంపో కోసం ఫోన్ చేసి, అందరి ముందరా బ్లేడుతో దాని మెడ కింది సంచిని కోశాడు. ఎర్రని శనగలు జారి పడ్డాయి. తువాల మీదివీ ఇవీ ఒకటే.

"గీ ఇత్తునం ఎవలది?" అని అడిగాడు.

అందరి కళ్లూ దిగంబర్ చేతుల మీద ఉన్నాయి. ఇందుబాయి ఒక్క క్షణం ఊరుకుంటే చాలు. పడి ఉన్నవాడు జవాబు చెప్పే స్థితిలో లేడు, పాత కేసు ఎట్లాగూ ఉంది. ఊరు ఆ తప్పును వాడి మీదే ఉంచి ఇంటికి పోయేది. ఆమె జైలుకు పోయే పని ఉండేది కాదు.

"నాది" అంది ఆమె. దిగంబర్ తలను ఒళ్లోకి తీసుకుని మట్టిలో కూర్చుని ఉంది. చీర ముందంతా నెత్తురు. "ఇత్తునం నాది. చేను నాది. నేనే ఏసిన. వడిసెల ఎయ్యద్దంటే ఊకున్న. గవి ముప్పై ఏడు నేనే సంపిన. ఈయన ఆటిని ఎల్లగొట్టనీకి అచ్చిండు. గింజలు గప్పుతున్నడు. మీ చేతులల్ల కట్టెలున్నయి గదా. రాండ్రి. కొట్టుండ్రి నన్ను."

ఎవరూ కదల్లేదు.

"ఏమయింది? ఈయన్ని కొట్టినప్పుడు లేశిన చేతులు ఇప్పుడు లేస్తలేవేంది? పక్షుల కోసమే గదా కొట్టింది? కొట్టుండ్రి!"

ఒకడు గుంజను చెట్టుకు ఆనించి తలొంచుకుని నడిచాడు. మరొకడు చేతిలోనిది చెరుకు తోటలోకి విసిరేశాడు. బాబురావ్‌ను ఇద్దరు మోసుకుపోయారు, ఆయన వెనక్కి చూడలేదు. ఎవరి ఇంటికి వాళ్లు పోతున్నారు, భోజనాల వేళ అయినట్టు.

టెంపో వచ్చింది. ఎక్కిస్తుంటే దిగంబర్ కళ్లు తెరిచాడు. ఏదో అంటున్నాడు. ఇందుబాయి చెవి ఆనించింది.

"వదినా, తూర్పు సాలు... ఒక్కటి మిగిలింది. గప్పలే. మల్ల దిగుతయి."

"గప్పుత. నువ్వు మాట్లాడకు."

"ఇప్పుడే పో. నా ఎంట రాకు."

పైన నిజంగానే కర్కోచలు తిరుగుతున్నాయి. ఇంకా రెండు మూడు వందలు ఉంటాయి. కింద జనం పలచబడుతున్న కొద్దీ కిందికి వస్తున్నాయి. టెంపోలో ఒక కాలు పెట్టిన ఇందుబాయి ఆ కాలు వెనక్కి తీసుకుంది. రూపాలి భర్త తల పట్టుకుని కూర్చుంది. టెంపో మట్టి బాటలో ఊగుతూ పోయింది. రోడ్డు ఉండి ఉంటే తొందరగా పోయేది, ఆ మాట కూడా చెప్పాలి.

ఇందుబాయి తూర్పు సాలులో మోకాళ్ల మీద కూర్చుని గింజ మీదికి మట్టి తోస్తూ జరిగింది. దిగంబర్ అదిమినట్టే అరచేత్తో అదిమింది. పక్షులు తల మీదికి వస్తే చేతులు ఊపి అరిచింది. ఎండ ఎక్కింది. ఒడిలో నెత్తురు ఎండి చీర బిరుసెక్కింది. సాలు మూడు వంతులు అయ్యాక శివరాజ్ గట్టు మీదికి వచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది.

"అక్కా" అన్నాడు. "నాందేడ్ దాకా పోలేదు. నడుమలనే పోయిండు."

ఆమె చేతులు ఆగలేదు.

"నేను గూడ నమ్మిన శివరాజ్" అంది. "ఊరందరికి మారిండని జెప్పినదాన్ని, ఎర్ర చేతులు జూసి నేను గూడ నమ్మిన. రాయి వడిసెలల్ల పెట్టుకోని నిలవడ్డ. ఆళ్లంటె ఆళ్లకు తెల్వదు. నాకు తెలుసు గదా. నీళ్లల్ల నేను జూసిన గదా ఆయన్ని."

శివరాజ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "లేవక్కా. ఠాణాకు పోవాలె. సాహెబ్ ఎదురు జూస్తున్నడు."

"అస్త. గీ సాలు అయినంక అస్త."

ఇంకో ముప్పై అడుగులు ఉంది. శివరాజ్ గట్టు మీద కూర్చున్నాడు. ఆమె చివరి గింజ దాకా పోయే వరకూ లేవలేదు.